వంత అందని పాట (పద్నాలుగో వారం)

సబీకాను మనం గుడారంలో వదిలేసి వారమైంది. పాపం, చేతిలో కాగితం చేతిలోనే వుంది, లేవబోయిన మనిషి లేవబోతూనే వుంది. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళు కూడా వుంటారు గనక, కథ ఎక్కడుందో ఒక్క గుక్కలో చెప్పేసి ముందుకు పోతాను.

ప్రతి ఆగస్టులోనూ కువైట్ కుర్రాళ్ళు తాతల నాటి తెరచాప ఓడలెక్కి పది రోజులు ముత్యాల వేటకి వెళతారు. ముత్యాలు అమ్ముకోడానికి కాదు. ఏసీ గదుల్లో పుట్టిన ఒంటికి తాతల బతుకెలా వుండేదో తెలియాలని. పదకొండో రోజు ఓడలు తిరిగొస్తాయి. ఆ రోజు ఖైరాన్ ఒడ్డున ఆడవాళ్ళు నానమ్మల నాటి బట్టలు కట్టుకుని, వాళ్ళు ఎదురుచూసినట్టే ఎదురుచూస్తారు. అందరికీ అది ఒక పూట పండగ. సబీకాకి మాత్రం ఎదురుచూపు అంటే వేషం కాదు.

ఆమె భర్త మర్జూక్ మొదటి ఓడ మీద పాట ఎత్తుకునేవాడు. తొంభైలో ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చినప్పుడు, వీధిలో ఇళ్ళకి బియ్యం పంచుతూ పట్టుబడ్డాడు. అది నవంబరు. ఇప్పటికి పదిహేనేళ్ళు. మొన్న, యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవాళ్ళ లెక్కలు చూసే ఆఫీసువాళ్ళు కాగితం పంపారు. శనివారంలోగా భార్య సంతకం పెడితే మర్జూక్ చనిపోయినట్టు రాసేస్తారట. సంతకం పెట్టాలా, ఇంకా ఎదురుచూడాలా? అది తేల్చగల మనిషి భూమ్మీద ఒక్కడే. మర్జూక్‌తో పాటు పట్టుబడి, ప్రాణాలతో తిరిగొచ్చి, ఈ పదిహేనేళ్ళలో ఒక్కసారీ ఆ ఇంటి గడప తొక్కని యాకూబ్. ఓడలు తిరిగొచ్చే ముందు రోజు, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక, ఆడవాళ్ళ గుడారం బయట ఎవరో దగ్గారు. "ఎవరది?" అంది సబీకా.

"నేను, యాకూబ్‌ని. అమ్మ వుందా వదినా?"

సబీకా కాగితం మడిచి చేతి సంచిలో పెట్టుకుంది. మాట పదునుగానే వచ్చింది.

"ఏ అమ్మ? మీ అమ్మ సాల్మియాలో కదా వుంటుంది."

"పాలిచ్చిన అమ్మ."

"ఓహో, పాలు గుర్తొచ్చాయా. పదిహేను రంజాన్లు పోయాక."

గుడారం మూలన ఆ పాలిచ్చిన అమ్మ కూర్చునే వుంది. మర్జూక్ తల్లి గనీమా. యాకూబ్ పుట్టినప్పుడు వాళ్ళమ్మ జ్వరంతో మంచానపడితే, ఒకవైపు మర్జూక్‌ని, ఒకవైపు వీణ్ణి పెట్టుకుని పెంచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. రేపటికి కావలసిన ఎండు ఖర్జూరపు మట్టలు చీలుస్తోంది. ఆవిడకి చెవుడని ఊరంతా అనుకుంటుంది. నిజానికి ఆవిడకి అక్కర్లేని మాటలే వినబడవు. ఇప్పుడు మాత్రం చీలుస్తున్న మట్ట చేతిలోనే ఆగింది.

"లోపలికి రమ్మంటే వస్తాను. లేదంటే ఇక్కణ్ణించే చెప్పి పోతాను," అన్నాడు యాకూబ్ గుడ్డ అవతలి నుంచి. "బూ సుల్తాన్ గొంతు పోయింది వదినా. ఆస్పత్రిలో వున్నాడు. రేపు మొదటి ఓడ మీద పాట ఎత్తుకునేవాళ్ళు లేరు. పండగ కమిటీవాళ్ళు నన్ను ఎత్తుకోమంటున్నారు. ఆ పాట మీ ఇంటిది. ఇంటివాళ్ళు సరే అంటే తప్ప నేను నోరు తెరవను."

అది నిజమే. ఓడ తిరిగొచ్చేటప్పుడు పాడే పాట ఏ ఓడది ఆ ఓడకే వుంటుంది, ఏ ఇంటిది ఆ ఇంటికే వుంటుంది. మొదటి ఓడ పాట గనీమా మొగుడిది. ఆయన తర్వాత మర్జూక్‌ది. మర్జూక్ లేని ఏళ్ళలో బూ సుల్తాన్ ప్రతి ఆగస్టులోనూ వచ్చి, ముసలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఈ ఏటికి మాత్రం" అని అడిగి తీసుకునేవాడు. ఈ ఏటికి మాత్రం అన్న మాట ఆ ఇంట్లో అందరికీ ఇష్టం. వచ్చే ఏటికి అసలువాడు వచ్చేస్తాడన్నట్టు వుండేది.

సబీకా ముసుగు సర్దుకుని గుడారం బయటికి వచ్చింది. పదిహేనేళ్ళ క్రితం చూసిన మనిషి కాదు. గడ్డం తెల్లబడింది, భుజాలు వంగాయి. నలభై రెండేళ్ళవాడిలా లేడు. మర్జూక్ కూడా ఎక్కడో ఇలాగే తెల్లబడి వుంటాడా అన్న ఆలోచన ఆమెకి తోసుకొచ్చింది. ఆ ఆలోచనని ఆమె ఎప్పుడూ రానివ్వదు. ఈద్‌కి ఈద్‌కి మర్జూక్ కోసం కొత్త దిష్‌దాషా, మడమల దాకా వచ్చే ఆ పొడుగు చొక్కా, కుట్టిస్తుంది, అవే పాత కొలతలతో. "పదిహేనేళ్ళయింది కదమ్మా, మనిషి లావెక్కడా?" అని దర్జీ అడిగితే, "మా ఆయన లావెక్కడు," అంటుంది.

"పాట సంగతి తర్వాత," అంది సబీకా. "ముందు నేనడిగినదానికి జవాబు చెప్పు. ఆయన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

యాకూబ్ సముద్రం వైపు తిరిగాడు. దూరంగా, రేపు ఒడ్డుకి రావలసిన ఓడలు లంగరు మీద వున్నాయి. కుర్రాళ్ళెవరో నీళ్ళలోకి దూకుతూ కేకలు పెట్టుకుంటున్నారు.

"చూడ్డం అంటే..."

"నాతో నీళ్ళు నమలకు యాకూబ్. తొంభై ఒకటి మార్చిలో నువ్వు తిరిగొచ్చావు. మీ ఇంటి ముందు మేకలు కోశారు. ఆ రోజు నేను మీ గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు నన్ను చూసి లోపల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నావు. ఆ గడియ చప్పుడు నాకింకా వినబడుతూనే వుంది. ఆయన పోయాడని చెప్పడానికి నోరు రాక అలా చేశావనుకుని నెల రోజులు ఏడ్చాను. తర్వాత, పోయినవాడి సంగతైతే చెప్పేవాడివే, బతికున్నాడు కాబట్టే దాస్తున్నావనుకుని పదిహేనేళ్ళు బతికాను. ఇందులో ఏది నిజమో చెప్పు. నేను తట్టుకుంటాను."

"రెండూ కాదు వదినా."

"మరి?"

యాకూబ్ ఇసకలో కూలబడ్డాడు. సబీకా నిలబడే వుంది. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగలేదు. ఎన్ని వందలసార్లు తనలో తాను చెప్పుకున్నాడో గానీ, మాట వెతుక్కోలేదు.

బస్రాలో ఒకే గదిలో నలభై రోజులున్నారు ఇద్దరూ. తర్వాత విడదీశారు. మర్జూక్‌ని పక్క గదిలో వేశారు, మధ్యలో గోడ. మాట్లాడకూడదు. దగ్గినా లాగి కొట్టేవాళ్ళు. ఒకాయన నిద్రలో తన కూతురి పేరు కలవరించాడని కొడితే, మళ్ళీ లేవలేదు. మధ్యాహ్నం నీళ్ళ పప్పు పోసి వెళ్ళాక కాపలావాళ్ళు కాసేపు నడుం వాల్చేవాళ్ళు. ఆ వేళ గోడ అవతలి నుంచి పాట వచ్చింది.

"ఏ పాట?" అంది సబీకా. ఆమెకి తెలుసు. అయినా అడిగింది.

"ఇంటి పాట. తిరిగొచ్చేటప్పటిది. సన్నగా, గొంతులోనే. మొదటి పాదం."

సబీకా కూడా ఇసకలో కూర్చుంది. ఆ పాట ఆమెకి కంఠతా వచ్చు. పెళ్ళయిన కొత్తలో మర్జూక్ వంటింట్లో స్టూలు మీద కూర్చుని సాధన చేసేవాడు. ఆమె పిండి కలుపుతూ వంత పాడేది. సరిగ్గా పాడకపోతే ఊరుకునేవాడు కాదు. పాట ఎత్తుకునేవాడు ఒక పాదం పాడతాడు. ఓడ మీద మగాళ్ళంతా కింది గొంతుతో వంత అందుకుంటారు. వంత అందితేనే రెండో పాదానికి పోవాలి. అందకపోతే పోకూడదు. అదే పాదం మళ్ళీ పాడాలి, అందేదాకా పాడాలి. ఓడ మీద ఒక్క మనిషి కూడా వెనకబడకూడదని ఆమె మామగారు పెట్టిన కట్టుబాటు అది. "నిద్రపోతున్నావా సబీకా?" అని నవ్వి, మొదటి పాదం దగ్గరికే మళ్ళీ వచ్చేవాడు మర్జూక్: దీపం కనబడింది, ఇల్లు దగ్గరయింది. ఆ పాదాన్ని మళ్ళీ మళ్ళీ పాడించుకోవాలనిపించి, ఆమె కావాలనే వంత మరిచిపోయేది.

"నువ్వు వంత అందుకోలేదు," అంది.

యాకూబ్ తలెత్తలేదు.

"ఓడ మీద ఆయన వంతమేళానికి పెద్ద నేనే. నేనున్నానో లేదో తెలుసుకోడానికే పాడాడు. గోడకి ఇవతల నేను నోటిలో చొక్కా కుక్కుకుని కూర్చున్నాను. ఆయన ఆగి, కాసేపు చూసి, మళ్ళీ అదే పాదం. మర్నాడు మళ్ళీ. పదకొండు రోజులు వదినా. పదకొండు రోజులూ మొదటి పాదమే."

"పన్నెండో రోజు?"

"పన్నెండో రోజు నన్ను లారీ ఎక్కించారు. వరండాలో నడిపిస్తుంటే కూడా వినబడింది. అంతే. అక్కణ్ణించి నన్ను వేరే జైల్లో వేశారు. మార్చిలో అక్కడ తిరుగుబాటు లేచి జైలు తలుపులు బద్దలయ్యాయి. పరిగెత్తుకొచ్చేశాను."

"అంటే నువ్వు వచ్చేటప్పటికి ఆయన బతికే వున్నాడు."

"పాడుతూనే వున్నాడు."

ఇంతకాలం ఆమె అడిగిందదే. బతికున్నాడా లేడా. జవాబు దొరికింది, దొరికి ఏమీ తేల్చలేదు. సబీకాకి కోపం కట్టలు తెంచుకుంది. ఆ మనిషి చొక్కా పట్టుకుని ఊపేయాలనిపించింది. పరాయి మగాడు గనక చేతులు ఒళ్ళో బిగించుకుంది.

"నోరు తెరిచి ఒక్క కూత కూస్తే చచ్చేవాడివా?"

"చచ్చేవాణ్ణేమో. చావకపోయేవాణ్ణేమో కూడా. ఆ సంగతి తేలకుండానే ముసలాణ్ణయిపోయాను. మీ గుమ్మం ముందుకి వస్తే, నేను మూసుకున్న నోటి కథే చెప్పాలి కదా. అందుకే గడియ పెట్టుకున్నాను."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"కమిటీవాళ్ళు ఆ పాట పాడమన్నారు. ఇంకే పాటయినా పాడేసేవాణ్ణి. ఇది దొంగతనంగా పాడలేను."

"లోపలికి రారా," అంది గుడారంలోంచి గనీమా.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. యాకూబ్ చెప్పులు విడిచి, వంగి లోపలికెళ్ళి, ముసలమ్మ నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. ఆవిడ ఆ తలని రెండు చేతులతో పట్టుకుని కాసేపు వాసన చూసినట్టు చూసింది. తర్వాత నెత్తిన ఒక్కటిచ్చింది, గట్టిగానే. ఆ తర్వాత ఖర్జూరాల పళ్ళెం ముందుకి తోసింది.

"తిను. పుల్లలా అయిపోయావు. మీ ఆవిడ వండదా?"

"అమ్మా, నన్ను..."

"తినమన్నానా. క్షమించమని అడగకు. అది ఎవర్ని అడగాలో వాడు గోడ అవతల వున్నాడు, నా చేతిలో లేదు." ఆవిడ ఖర్జూరంలో గింజ తీసేసి, పండు వాడి చేతిలో పెట్టింది. "పాట మాత్రం నీకివ్వను. మావాడు ఎత్తుకున్నాడు, ఇంకా దించలేదు. ఎత్తుకున్న పాట మీద ఇంకొకడు ఎత్తుకోడు. నీది వంత. రేపు ఓడ మీద నిలబడి వంత పాడు."

"మరి ఎత్తుకునేదెవరమ్మా? నలభై మంది తెడ్లు పట్టుకుని ఎదురుచూస్తుంటారు."

"అది మా ఇంటి సంగతి," అంది గనీమా. మళ్ళీ మట్టలు చీల్చుకోసాగింది.

మర్నాడు ఎండ వాలేసరికి ఒడ్డు నిండిపోయింది. పెద్దవాళ్ళకి కుర్చీలు, పిల్లలకి ఐస్‌క్రీములు, టీవీవాళ్ళకి ఖర్జూరపాకు పందిరి. కమిటీ పెద్ద బూ ధారీ మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. గాలిలో ఉప్పు, తడి. బట్టలు ఒంటికి అతుక్కుపోతున్నాయి. సబీకా రాత్రంతా ఏం ఆలోచించిందో ఎవరికీ చెప్పలేదు. సంచిలో కాగితం అలాగే వుంది.

ముందు ఆడవాళ్ళ వంతు. పాతకాలంలో మగాళ్ళు తిరిగి రావడం ఆలస్యమైతే, ఆడవాళ్ళు మండుతున్న ఖర్జూరపు మట్టని సముద్రంలో ముంచి దానికి వాత పెట్టేవాళ్ళు. మా వాళ్ళని మాకిచ్చెయ్యి, బుద్ధి తెచ్చుకో అని తిట్టేవాళ్ళు. ఈ ఒడ్డున ఆ పని నిజంగా, ఏడుస్తూ చేసిన మనిషి గనీమా ఒక్కర్తే మిగిలింది. అందుకని ప్రతి ఏడూ మొదటి మట్ట ఆవిడ చేతికిస్తారు. ఈ ఏడూ ఇచ్చారు. ఆవిడ మంటని చూసింది, నీళ్ళని చూసింది, మట్టని పక్కనున్న పిల్ల చేతికి తిరిగి ఇచ్చేసింది.

"నావల్ల కాదే. ఈ సముద్రం నాకేం అన్యాయం చేసింది? నా మొగుణ్ణి ఏటేటా పట్టుకుపోయి ఏటేటా తెచ్చిచ్చింది. నా కొడుకుని తీసుకుపోయింది లారీ. ఊరికే పడుంది కదా అని దీనికి వాత పెడతామా?"

ఆడపిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. బూ ధారీ మైకు చేత్తో మూసి, "పిన్నీ, టీవీలో వస్తోంది, కాస్త," అని బతిమాలాడు. వేరే ఎవరో మట్ట ముంచారు. పొగ లేచింది. అప్పుడే ఓడలు మలుపు తిరిగి ఒడ్డు వైపు రావడం కనబడింది.

మొదటి ఓడ తెరచాప పొంగి వుంది. జెండాలు, తప్పెట్లు. ఒడ్డుకి వంద గజాల దూరంలోకి వచ్చేసరికి తప్పెట్లు ఆగాయి. పాట మొదలవ్వాల్సిన చోటది. పాట రెండో పాదానికి వస్తేనే తెడ్లు కదులుతాయి, పాట పూర్తయితేనే తెరచాప దిగుతుంది. ఓడ ముందు భాగంలో పాట ఎత్తుకునేవాడి చోటు ఖాళీగా వుంది. దానికి ఒకడుగు వెనక, పొద్దున్నే చిన్న పడవలో వెళ్ళి ఓడెక్కిన యాకూబ్ నిలబడ్డాడు, నోరు మూసుకుని. నలభై తెడ్లు గాలిలో లేచి అలాగే వుండిపోయాయి.

"ఏమైంది? పాడమనండి," అన్నాడు బూ ధారీ మైకు మూయడం మరిచిపోయి.

సబీకా చెప్పులు విడిచి నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా వెళ్ళింది. ఒంటి మీది నల్లటి అబాయా తడిసి బరువెక్కింది. వెనక ఎవరో ఆడమనిషి, "మగాళ్ళ పాట అది, పిచ్చెక్కిందా?" అంది. సబీకా నోరు తెరిచింది. వంటింట్లో పిండి కలుపుతూ విన్నది విన్నట్టే, ఆయన ఎక్కడ గొంతు వణికించేవాడో అక్కడ వణికించి, ఎక్కడ ఊపిరి పీల్చేవాడో అక్కడ పీల్చి.

దీపం కనబడింది, ఇల్లు దగ్గరయింది.

తర్వాత యాకూబ్ అందుకున్నాడు. ఆయన వెనక నలభై గొంతులు. ఆ వంత నీళ్ళ మీదుగా వచ్చి సబీకా కాళ్ళకి తగిలింది. ఓడ మీద యాకూబ్ ఏడుస్తున్నాడని ఇంత దూరానికీ తెలుస్తోంది. ఆయన వంత మాత్రం తప్పలేదు. పదిహేనేళ్ళు ఆలస్యమైనా అందింది.

వంత అందింది కాబట్టి ఇక రెండో పాదం. తెరచాప దించండి, సముద్రంతో ఇక పనిలేదు. అది పాడితే ఓడ కదులుతుంది, పాట పూర్తవుతుంది, మగాళ్ళు దిగుతారు, ఇంకెవరూ రానక్కర్లేదు. ఆ మాటలు సబీకా నాలుక చివరిదాకా వచ్చాయి. గోడ అవతల ఆయన ఇంకా మొదటి పాదం దగ్గరే వున్నాడు. ఆయన్ని అక్కడ ఒక్కణ్ణే వదిలేసి తను ముందుకెలా పోతుంది?

ఆమె మళ్ళీ మొదటి పాదమే పాడింది. ఓడ మీద మగాళ్ళు మొహమొహాలు చూసుకుని మళ్ళీ వంత అందుకున్నారు. మూడోసారీ అదే పాదం. ఎత్తిన తెడ్లు బరువుకి కిందికి వాలుతున్నాయి. బూ ధారీ మైకు కింద పెట్టేశాడు. నాలుగోసారి సబీకా ఊపిరి తీసుకుంటుండగా, పక్కన నీళ్ళు కదిలాయి. గనీమా చేతికర్రతో తడుముకుంటూ నీళ్ళలోకి వచ్చింది. ఎండిన చేత్తో కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాకూ అక్కడే ఆగిపోవాలనే వుందే," అంది. "నీ సంచిలో కాగితం సంగతి నాకు మొన్ననే తెలిసింది. పిల్లలు ఎంతసేపని తెడ్లు ఎత్తిపట్టుకుంటారు? చెప్పు. రెండో పాదం నువ్వు పాడతావా, కన్నదాన్ని నన్ను పాడమంటావా?"